పింగాణి మగ్గుపై మోదుగుపూవు

దురాజ్‌పల్లి లింగమంతులస్వామి జాతర రెండేండ్ల కొకసారి మాఘమాసమున జరుగును. ఆ జాతర చూచి మరలివచ్చుచు మేము చివ్వెంలలో మా బంధువులయింట ఒకపూట నిలిచితిమి. ఆ యింటి కోడలు చాయ పోసి తెచ్చిన మగ్గు మా కన్నుల నాకర్షించినది. తెల్లని పింగాణిపై, పాతపుస్తకపు పుటవలె లేతపసుపు వన్నెగల నేలమీద, ఒక పూలకొమ్మ అచ్చువేయబడియున్నది. చిలుకముక్కువలె వంగిన నారింజరంగు పూలు, ముఖమలువంటి నల్లని తొడిమలు, ఒక మూలను విడదీసి చూపిన రేకులు. అడుగున సన్నని ఇంగ్లీషు అక్షరములు.

"ఏదో ఫారిన్ పువ్వు, బాగున్నదని ఆన్‌లైన్ల తెప్పించిన" అని కోడలు చెప్పుచుండగా, మంచముమీద కూర్చున్న అత్తగారు మగ్గు నందుకొని చూచి, "ఫారిన్ ఏందే బిడ్డా? ఇది మన మోదుగుపువ్వు గాదా! దీని ఆకులతోటే గద మేం ఇస్తార్లు కుట్టింది!" అనిరి. అందరమును నవ్వితిమి. కాని ఆమె మాటయే నిజము.

మగ్గుపై వ్రాసియున్న 'బ్యూటియా ఫ్రండోసా' అను పేరు విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుని గ్రంథమున గలదు. ఆయన 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువున చెన్నపట్టణమునకు వచ్చి, 1781 నుండి గోదావరి సీమయందలి సామర్లకోటలో నుండెను. అచ్చట మిరియములు, నీలిమందు మొదలగువానిని పెంచి చూచుచు, దేశీయ చిత్రకారులను జీతమునకు పెట్టుకొని మొక్కలను వారిచే వ్రాయించెను. పూవు, కాయ, గింజ, ఒక్కొక్క రేకును వేరుచేసి ఉన్నది ఉన్నట్లు దించుట వారి పని. అనేక మొక్కలకు తెలుగుపేర్లను గూడ ఆయన వ్రాసికొనెను. 1793లో ఆయన కలకత్తా తోటకు పోయిన పిదప గూడ ఈ చిత్రలేఖనము సాగినది. మొత్తముమీద చిత్రములు 2,500కు పైబడినవి. లండనుకు పంపినవానినుండి ఏరిన 300 చిత్రములు, సర్ జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణమున, 'కోరమండల తీరపు మొక్కలు' అను పేర 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడెను. రాగిరేకులపై చెక్కి అచ్చొత్తి, చేతితో రంగులు వేసిన పుటలవి. మొదటి సంపుటములో 21వ చిత్రము మన మోదుగు.

1762–63లో బ్రిటిషు ప్రధానమంత్రిగా నుండిన బ్యూట్ ప్రభువు పేరు ఈ చెట్టునకు నిలిచినది. శాస్త్రజ్ఞులు తరువాత 'ఫ్రండోసా'ను తీసి, ఒకే గింజ గలదను అర్థమున 'మోనోస్పెర్మా' అనిరి. బ్యూట్ ప్రభువు మాత్రము కదలలేదు. సామర్లకోటలో కుంచె పట్టి ఆ రేకుల వంపును దించినవాని పేరో, ఆ పుటపై లేదు. ఇన్నూరేండ్లు గడచినందున ఇట్టి చిత్రముల నెవ్వరైనను ఉచితముగా అచ్చువేసికొనవచ్చును గనుక, అవి నేడు మగ్గులమీదికి, దిండుగలీబులమీదికి వచ్చుచున్నవి. అమ్మెడివారు ఆ మగ్గుపై 'మోదుగు' అను మూడక్షరములైన వేసియుండరాదా యని మాకు తోచినది.

ఇక ఆ మగ్గు వాడుక విషయము. పింగాణిపై బొమ్మ నెక్కించు విధములు పెక్కు గలవు. ఫోటో స్టూడియోలలో చేయునది చవుకది: మగ్గుకు ముందే పూసియుండు ప్లాస్టిక్ పొరలోనికి సుమారు 180 నుండి 200 డిగ్రీల వేడిమితో రంగు నెక్కింతురు. పీచుతో గట్టిగా తోమిన ఆ బొమ్మ వెలిసిపోవును. రెండవది, కాగితముపై అచ్చైన బొమ్మను నీట నానబెట్టి, జారించి, నిగనిగలాడు పూతపై అంటించి, సుమారు 800 డిగ్రీల బట్టీలో కాల్చుట. వ్రేలితో తడిమిన తరచుగా బొమ్మ అంచు తగులును. ఈ రెండవ విధపు రంగులలో సీసము, కాడ్మియము కలిసియుండుట కలదు. నిమ్మరసము, చారు, పుల్లమజ్జిగ వంటి పులుపు వానిని కొంచెము కొంచెముగా లాగును. సీసము గర్భిణులకును పసిపిల్లలకును మిక్కిలి హాని. కావున బొమ్మ మగ్గు వెలుపలనే యుండవలెను. పెదవి తగులు అంచునుండి రెండు సెంటీమీటర్లైన దిగువగా నుండవలెను. సీసము లేదని వ్రాసియున్న సరకు మేలు. బంగారుగీత యున్నచో మైక్రోవేవులో పెట్టరాదు.

ఇది చెప్పినంతనే కోడలు మగ్గు నటునిటు త్రిప్పి వ్రేలితో తడిమినది. ఒక పూరెక్క సరిగా అంచువరకు ప్రాకియున్నది, అంచు వ్రేలికి గరుకుగా తగిలినది. రోజును పిల్లవానికి నిమ్మరసము ఇందులోనే యిచ్చుచున్నానని ఆమె మెల్లగా చెప్పి, దానిని కడిగి పెన్నులు పెట్టుకొను బల్లపై నుంచినది. అత్తగారు మొదటినుండియు తన స్టీలు గ్లాసులోనే చాయ త్రాగుచుండిరి.