చదువునకు ముందు ఆట

బడి యీడు రాని పిల్లవాడు దినమెల్ల ఆడుచుండును. ఆ ఆటను పెద్దలు కాలక్షేపమని తలంతురు. చదువు అక్షరములతోనే మొదలగునని భావింతురు. కాని శిశువు చేతితో పట్టి, పడద్రోసి, మరల నిలబెట్టి నేర్చుకొనునది స్వల్పము కాదు. ఈ సంగతిని గుర్తించి పసివారికొరకై నెలకొల్పిన తొలి బడులు కొన్ని, పదునెనిమిదవ శతాబ్దమున ఒక కొండప్రాంతపు చర్చి అండన వెలసినవి.

ఫ్రాన్సు దేశపు తూర్పు భాగమున, వోజ్ పర్వతములలో, బాన్ దె లా రోష్ అను లోయ కలదు. 1767లో జాన్ ఫ్రెడరిక్ ఒబెర్లిన్ అను ప్రొటెస్టెంటు మతాచార్యుడు అచ్చటి వాల్డర్స్‌బాక్ గ్రామమునకు వచ్చెను. అచ్చటి నేల నిస్సారము, చలికాలము దీర్ఘము, ప్రజలు కడు పేదలు. తల్లిదండ్రులు పనికి పోగా పసిపిల్లలను కనిపెట్టువారు లేకుండిరి. ఇంట మాటాడునది ఒక మాండలికము. బడిపుస్తకముల భాష ఫ్రెంచి. అందుచే బడిలో చేరిన పిల్లలకు చదువు కొరకరాని కొయ్య అయ్యెను.

ఆ ప్రాంతమున సారా బాంజే అను యువతి ఊరి పిల్లలను తన ఇంట చేర్చుకొని ఊలు అల్లిక నేర్పుచుండెను. ఒబెర్లిన్ అది విని, ఆ పనికి చర్చి పక్షమున ఆదరము కల్పించి, 1770 ప్రాంతమునుండి ఇట్టి బడులను చుట్టుప్రక్కల గ్రామములకు విస్తరింపజేసెను. ఒక్కొక్క బడికి ఇద్దరు స్త్రీలుందురు. ఒకామె చేతిపని నేర్పును. రెండవ ఆమె పిల్లలకు వినోదమును, విజ్ఞానమును కలిపి అందించును. అయిదారేండ్లవారు అల్లిక పని చేయుచుండగా అంతకంటె చిన్నవారు వారి ప్రక్కనే కూర్చుండువారు. పని విసుగు పుట్టినంతనే రంగుల బొమ్మలు బయటికి వచ్చును: మతగాథలు, జంతువులు, మొక్కలు. కొయ్యపై చెక్కిన పటములలో మొదట తమ లోయను, పిదప ఫ్రాన్సును, ఐరోపాను గుర్తింతురు. పాటలు పాడుదురు. పూవులను ఏరి తెచ్చి వాని పేర్లను ఫ్రెంచిలో నేర్తురు. పూవు చేతిలో నున్నప్పుడు దాని పేరు పరభాషలోనిదైనను బరువనిపించదు.

1779లో ఒబెర్లిన్ ఇంట చేరిన లూయిజ్ షెప్లర్ అను గ్రామ బాలిక తన జీవితమునంతయు ఈ బడులకే ధారపోసెను. 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెను బహుమానముతో సత్కరించినది.

ఈ పద్ధతిలోని కీలకమేమి? అల్లికలో ఒక కన్ను జారినచో వరుస చెడును. ఇట తప్పును ఉపాధ్యాయురాలు చెప్పనక్కరలేదు, అల్లికయే చెప్పును. శిశువు విప్పి మరల అల్లును. శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో చేయు పనియు ఇట్టిదే.

పిమ్మట జర్మనీ దేశస్థుడగు ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ ఈ సూత్రమును ఆటవస్తువులలో నిలిపెను. ఇతడును ఒక మతాచార్యుని కుమారుడే. యౌవనమున బెర్లిన్‌లో స్ఫటికములను శాస్త్రీయముగా పరిశీలించినవాడు. 1837లో బ్లాంకెన్‌బర్గ్ పట్టణమున శిశుశిక్షణకు ఒక సంస్థను స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట, అని పేరిడెను. అతని ఆటవస్తువులలో ఒక పెట్టెయందు ఎనిమిది చిన్న ఘనములుండును. మరియొక పెట్టెయందు ఎనిమిది ఇటుకలవంటి దిమ్మెలుండును. దిమ్మె పొడవు వెడల్పునకు రెట్టింపు. వెడల్పు మందమునకు రెట్టింపు. ఎనిమిది ఘనములను పేర్చినను, ఎనిమిది దిమ్మెలను పేర్చినను ఒకే కొలత గల పెద్ద ఘనమేర్పడును. రూపములు వేరైనను కొయ్య పరిమాణము ఒకటే యని శిశువు వ్రేళ్లు ముందుగా గ్రహించును. మాట తరువాత వచ్చును.

ఈ గ్రహణము పుట్టుకతో వచ్చునది కాదు. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు జీన్ పియాజె చేసిన ప్రసిద్ధ పరీక్ష ఇందుకు నిదర్శనము. ఒకే తీరు గ్లాసులు రెండింటిలో సమముగా నీరు పోసి, ఒకదానిలోని నీటిని సన్నని పొడవైన గ్లాసులోనికి మార్చినచో, నాలుగైదేండ్ల పిల్లలలో పెక్కుమంది పొడవు గ్లాసులోనే నీరు ఎక్కువ యందురు. విద్యార్థులు తమ ఇంటి పసివారితో ఈ పరీక్షను చేసి చూడవచ్చును. శిశువును దిద్దక, కారణమడిగి వినవలెను.

నటనతో కూడిన ఆటకు మరియొక ప్రయోజనము కలదు. కఱ్ఱను గుఱ్ఱముగా భావించు బాలుడు వస్తువునుండి అర్థమును వేరుచేయుచున్నాడని రష్యా మనశ్శాస్త్రజ్ఞుడు లెవ్ వైగోట్‌స్కీ 1933లో వివరించెను. కఱ్ఱ గుఱ్ఱమునకు గుర్తు కాగలిగినచో, గీత అక్షరమునకు గుర్తు కాగలదు. అంతేకాక, ఆటలో కావలివాడైన బాలుడు కదలక నిలువవలెను. ఆట నియమము అతనికి నిగ్రహము నేర్పును.

అయితే పిల్లలను ఊరక వదలివేయుటయే ఆటచదువు కాదు. తగిన వస్తువును అందించుట, తొందరపడి జవాబు చెప్పకుండుట, సమయమునకు ఒక మాట అందించుట పెద్దల పని. ఒబెర్లిన్ బడులలో రెండవ స్త్రీ చేసినది ఇదియే. నేటికిని జర్మనీలో పెక్కు కిండర్‌గార్టెన్లు చర్చిల నిర్వహణలో నడుచుచున్నవి.

ఉన్నత పాఠశాలలో గురుత్వకేంద్రమును బోధించు ఉపాధ్యాయునకు ఈ విషయము దూరమైనది కాదు. దిమ్మెను మరొక దిమ్మె అంచునుండి సగము దాటి బయటికి జరిపినచో అది పడిపోవునని చిన్ననాడు తన చేతితో కనుగొన్న విద్యార్థికి ఆ పాఠము క్రొత్తది కాదు. ఎరిగిన విషయమునకు పేరు మాత్రమే క్రొత్తది. ఆ అనుభవము లేనివానికి అది కంఠస్థము చేయవలసిన వాక్యము. మూడేండ్ల శిశువు చేతినుండి దిమ్మెలను తీసివేసి పలక నిచ్చుటకు ముందు, తల్లిదండ్రులును ఉపాధ్యాయులును ఈ భేదమును తలంపవలెను.