బంతి వెంట దేశాటనము

సుబేదారి కళాశాల మైదానము ప్రక్కగా సాయంకాలము నడచిపోవుట మాకు చిరకాలపు అలవాటు. ఇటీవల ఒకనాడు ఆట ముగించి బూట్లు విప్పుకొనుచున్న యువకుడొకడు మా గొంతు గుర్తుపట్టి, "సార్, మీరు రేడియోల మాట్లాడుతరు గద! ముప్పయ్యేండ్లు దాటినంక ఆటగాని బతుకేంది సార్?" అని అడిగెను. ప్రశ్న చిన్నది, సమాధానము చిన్నది కాదు. అందుచేత నేటి ప్రసంగమును దానికే కేటాయించుచున్నాము.

శరీరమే పెట్టుబడిగా గల వృత్తులలో ఆటగాని వృత్తికి ఆయువు తక్కువ. పాటగానికి అరువదియేండ్లకు గొంతు పండవచ్చును. ఆటగానికి ముప్పదియైదేండ్లకే కాలు బరువెక్కును. పైగా అగ్రశ్రేణికి చేరువారు కొందరే. తక్కినవారు జట్టు నుండి జట్టునకు, ఊరి నుండి ఊరికి, ఒక్కొక్కప్పుడు దేశము నుండి దేశమునకు పోవలసినదే. బాస్కెట్‌బాల్ క్రీడలో ఈ సంచారము మిక్కిలి ఎక్కువ. అమెరికాలోని పెద్ద పోటీలో చోటు దొరకనివారు ఇటలీకో, టర్కీకో, చైనాకో పోయి ఆడుచుందురు. మైక్ డి ఆంటోని అను ఆటగాడు అట్టివాడే. స్వదేశమున కొలది సంవత్సరములు సామాన్యముగా ఆడి, 1977లో ఇటలీలోని మిలాన్ నగరమునకు పోయెను. 1990 వరకు అచటనే ఆడి, పిదప ఆ జట్టునకే శిక్షకుడయ్యెను. ఆటగానిగా తన్ను నిలుపుకొనని అమెరికాయే తరువాత ఆయనను శిక్షకునిగా పిలిపించుకొని, 2005లో ఆ యేటి మేటి శిక్షకుడని గౌరవించెను. కాళ్ళు అలసినను, దేశాంతరమున సంపాదించిన తెలివి అలయలేదన్నమాట.

ఇట్టి కథ మన గడ్డ మీదను జరిగినది. ఆట మాత్రము వేరు, అది ఫుట్‌బాల్. ఆ కథకు మూలపురుషుడు హైదరాబాదునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు మారులు రోవర్స్ కప్పును గెలిచెను. ఆయన శిక్షణలో భారతజట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు పొందెను; 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమున నిలిచెను. జకార్తాలో రెండవ స్వర్ణము సాధించిన మరుసటి యేడే, 1963లో, కేన్సరు వ్యాధిచే ఆయన కన్నుమూసిరి.

రహీం విద్య చెప్పిన తీరు గమనింపదగినది. బంతిని కాలి వద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగెత్తుట నిషేధించి ఆయన పోటీలు పెట్టించెడివారు. అప్పుడు ప్రక్కవానికి బంతి నందించుట తప్ప గత్యంతరము లేదు. చేవ తక్కువైన కాలితోనే తన్నవలెనని మరికొన్ని పోటీలు పెట్టెడివారు. అప్పుడు ఆ కాలు కూడ పనికి వచ్చును. ఉపన్యాసము అక్కరలేదు, నియమమే గురువయ్యెను. ఆటగాడు తాను చేసి చూపును. శిక్షకుడు ఎదుటివానిచే చేయించును. ఈ రెండును వేరువేరు విద్యలు. మొదటిది వచ్చిన ప్రతివానికి రెండవది రాదు.

ఆ పోలీసు జట్టు నుండి వచ్చినవారిలో సయ్యద్ నయీముద్దీన్ ఒకరు. అప్పటి ఆటలో నేటివలె పెద్ద జీతములు లేవు. పోలీసు శాఖయో, రైల్వేయో ఇచ్చు ఉద్యోగమే ఆధారము. కలకత్తా క్లబ్బులు మాత్రము ఆటగాండ్రను ఆశపెట్టి రప్పించుకొనుచుండెను. అచట యేటేట జట్టు మారుటకు సంతకములు చేయు దినములు వచ్చెనన్న పెద్ద సందడి. పోటీక్లబ్బువారు ఎత్తుకొనిపోవుదురేమోయని ఆటగాండ్రను రహస్యముగా దాచుటయు కలదు. నయీముద్దీన్ 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బున చేరి, పిమ్మట మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకును ఆడిరి. భాష వేరు, భోజనము వేరు, వాన వేరు. హైదరాబాదు యువకునికి ఆ నాటి కలకత్తా పరదేశమే. 1970లో బ్యాంకాకులో జరిగిన ఆసియా క్రీడలలో ఆయన నాయకత్వమున భారతజట్టు కాంస్యపతకము గెలిచెను. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు వచ్చిన కడపటి పతకము అదియే. ఆ యేడే ఆయనకు అర్జున పురస్కారము లభించెను.

ఆట విడిచిన పిదప ఆయన శిక్షకులైరి. 1990లో ఈస్ట్ బెంగాల్ జట్టు ఐ.ఎఫ్.ఏ. షీల్డును, డ్యూరాండ్, రోవర్స్ కప్పులను ఒకే యేట గెలిచినది ఆయన శిక్షణలోనే. ఆ సంవత్సరమే ద్రోణాచార్య పురస్కారము వచ్చెను. 1997లో ఖాట్మండులో దక్షిణాసియా కప్పు గెలిచిన భారతజట్టునకును ఆయనే శిక్షకులు. ఆపై సరిహద్దు దాటి ఢాకాలోని బ్రదర్స్ యూనియన్ క్లబ్బునకు, 2007లో బంగ్లాదేశ్ జాతీయ జట్టునకు శిక్షణ నిచ్చిరి. తిండి, నిద్ర, క్రమశిక్షణల విషయమున ఆయన మిక్కిలి కఠినులని ప్రతీతి. ఆ కాఠిన్యము కొందరికి రుచింపలేదు. ఓటములు వచ్చినప్పుడు పదవులును పోయినవి. శిక్షకుని జీవితము ఆటగాని జీవితముకంటె స్థిరమైనదని ఎవరును అనుకొనరాదు.

ఈ కథలో మనకు గర్వకారణము కలదు. దాని వెనుకనే ఒక వెలితియు కలదు. హైదరాబాదులో పుట్టిన విద్య కలకత్తాకు, అటనుండి ఢాకాకు ప్రవహించెను. ఊటబావి మాత్రము ఎండుచు వచ్చెను. సికింద్రాబాదు సమీపమున పుట్టిన తులసీదాస్ బలరాం కలకత్తా ప్రాంతమునకు పోయి గొప్ప ఆటగాడై, అచటనే ఉత్తర్‌పాడాలో స్థిరపడి 2023లో కన్నుమూసిరి. సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సంవత్సరములలో హైదరాబాదు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచినవి. ఆ కప్పు మరల మన వైపు రాలేదు. పోయినవారి తప్పని మేము అనము. అన్నము పెట్టు చోటికి పోవుట ఎవరికైనను ధర్మమే. పోయినవారు నేర్చినదానిని మరల ఇటు రప్పించుకొను ఏర్పాటు మనము చేసికొనకపోవుటయే లోపము.

నేడు ఆ ఏర్పాటునకు మార్గములు ఉన్నవి. పటియాలాలో 1961లో నెలకొల్పిన జాతీయ క్రీడాసంస్థ శిక్షకులను తయారుచేయుచున్నది. ఫుట్‌బాలులో 'డి' అను ప్రాథమిక అనుమతిపత్రము మొదలుకొని పైకి మెట్లు మెట్లుగా పరీక్షలు కలవు. జాతీయజట్టున ఆడినవాడే శిక్షకుడు కావలెనను నియమము లేదు. జిల్లా జట్టున ఆడి, ఊరూర తిరిగి, దెబ్బలు తిని, ఓర్పు నేర్చినవాడు పదేండ్ల పిల్లలకు పాఠము చెప్పుటకు తగినవాడే. రహీం సాహెబు ముందుగా బడిపంతులేనని మరువరాదు.

ఆ సాయంకాలము యువకునికి మేము చెప్పిన మాట ఇదియే: "నాయనా, ఎక్కడ ఆట దొరికిన అక్కడికి పొమ్ము, కలకత్తాకైనను, గోవాకైనను వెరవకుము. నేర్చినదంతయు ఒక పుస్తకమున వ్రాసికొనుము. ముప్పదియేండ్లు దాటిన నాడు ఈ మైదానమునకే తిరిగి రమ్ము." అతడు నవ్వి, "వచ్చినంక జాగ ఉంటదా సార్?" అనెను. ఆ ప్రశ్నకు సమాధానము అతడు చెప్పవలసినది కాదు. ఊరిలోని పెద్దలు, పాఠశాలలు, తల్లిదండ్రులు చెప్పవలసినది. మైదానము పచ్చగా నుంచి, ఒడ్డున నిలిచి నేర్పువానికి నెల తిరుగునప్పటికి జీతమిచ్చిన నాడు అతనికి జాగా ఉండును.