పండిత రమాబాయి: ఆత్మసమర్పణము

షోలాపురమునుండి పూనాకు రైలుబండిలో పోవు మన తెలుగువారు దౌండు దాటిన కొంతసేపటికి కేడ్గాం అను చిన్న స్టేషనును చూచుచుందురు. నేతపనికై తరతరములక్రిందట వచ్చి షోలాపురమున స్థిరపడిన మనవారిలో పెక్కుమందికి ఆ స్టేషను పేరు తెలియును; ఆ యూర జరిగిన దేమో తెలిసినవారు తక్కువ. పండిత రమాబాయి స్థాపించిన ముక్తిసదనము నేటికిని అచ్చట నున్నది. క్రైస్తవజీవనమున మారుమనస్సన నేమి, సమర్పణమన నేమి యని విచారించువారు ఈ విదుషి చరిత్రను తప్పక తెలిసికొనవలెను.

బాప్తిస్మముతోనే మనుష్యుడు మారిపోయెనని కొందరు సంతోషింతురు. ఆ కారణముననే మరికొందరు ఆగ్రహింతురు. ఇరుపక్షములవారును చూచునది రిజిస్టరులోని పేరును మాత్రమే. న్యాయవాదవృత్తిలో నున్న మేము ఇట్టి వ్యవహారముల నెరుగుదుము. ఇల్లమ్మి, దస్తావేజు రిజిస్టరు చేయించి, పైకము పుచ్చుకొనియు, ఇల్లు ఖాళీచేయక కూర్చుండు విక్రేతలు కోర్టులకు క్రొత్త కారు. హక్కు మారినది, స్వాధీనము మారలేదు. ఆత్మవిషయమునను ఇంతే.

రమాబాయి 1858లో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే లోకాపవాదమును లక్ష్యపెట్టక ఇంటి యాడువారికి సంస్కృతము నేర్పిన పండితుడు. పురాణములు చదువుచు తీర్థములు తిరుగుటయే ఆ కుటుంబమునకు జీవనము. క్షామకాలమున తండ్రియు, తల్లియు, అక్కయు ఒకరివెంట నొకరు మరణించిరి. అన్నతో కాలినడకను దేశము తిరిగి 1878లో కలకత్తా చేరిన యీ యువతికి అచ్చటి విద్వాంసులు ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదము లిచ్చిరి. 1880లో వివాహము, 1882లో వైధవ్యము, ఒడిలో పసిబిడ్డ మనోరమ. విద్యార్జనకై 1883లో ఇంగ్లాండునకు పోయి, ఆ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన వాంటేజి పట్టణమున బాప్తిస్మము పొందెను.

ఇంతటితో కథ ముగిసినదని పూనాలోని ప్రతిపక్షులు తలచిరి. వాంటేజిలోని గురుస్థానీయులును తలచిరి. ఇరువురును పొరబడిరి. సిద్ధాంతములలో కొన్నిటిని తాను విచారింపకయే యంగీకరింపజాలనని రమాబాయి ఆ గురువులతో ఉత్తరములలో వాదించెను. స్వదేశమున పురోహితవర్గపు కాడిని దింపుకొన్న తాను పరదేశమున మరియొక కాడికి మెడ యొగ్గజాలనని నిర్భయముగా తెలిపెను. ఆమెకు తర్కము తండ్రి యిచ్చిన యాస్తి. దానిని మనుష్యుల కెవ్వరికిని అప్పగింపలేదు.

అయినను ఆమె హృదయమున లోటొకటి మిగిలియే యుండెను. బాప్తిస్మమునకు ఎనిమిది సంవత్సరముల పిమ్మటగాని తనకు లభించినది క్రైస్తవమతమే యనియు, క్రీస్తు ఇంకను లభింపలేదనియు తా నెరుగలేదని 1907లో ప్రకటించిన స్వీయసాక్ష్యమున ఆమెయే వ్రాసికొనెను. విలియం హాస్లం అను ఆంగ్ల మతగురువు గ్రంథ మామె కనులు తెరిపించెను. ఆయన ఎన్నో యేండ్లు ఇతరులకు బోధించి, తుదకు తన బోధపీఠముమీదనే తాను మారినవాడు. యోగ్యత సంపాదించి దేవునియొద్దకు పోవలెనను పట్టుదల నామె విడిచెను. తన శక్తి యెల్ల ముగిసినదని యొప్పుకొని, షరతు లేకుండ తన్ను క్రీస్తుకు అప్పగించుకొనెను. విద్యయు, వాదమును, కీర్తియు గల వ్యక్తికి ఇంతకంటె కష్టమైన పని కలదా?

సమర్పణకు వెల యుండును. 1889లో బొంబాయిలో ఆమె తెరచిన శారదాసదనము పిమ్మట పూనాకు మారినది. మతవిషయమున జోక్యము కలుగజేసికొననని ఆమె మాట యిచ్చి యుండెను. తన ప్రార్థనగది తలుపు మూయుటకుమాత్ర మామె సమ్మతింపలేదు. కొందరు బాలికలు వచ్చి కూర్చుండుచుండిరి. 1893లో రానడే, భండార్కరు మొదలైన పెద్దలు సలహాసంఘమునుండి తొలగిరి. పలువురు సంరక్షకులు పిల్లలను తీసికొనిపోయిరి. ఆ పెద్దలు సామాన్యులు కారు. స్త్రీవిద్యకు విరోధులును కారు. మాట తప్పినదని వారి వాదము. ఎవరిని పిలువలేదు, ఎవరిని వెడలగొట్టను అని ఆమె వాదము. తీర్పు పాఠకులకే విడుచుచున్నాము.

1896–97 క్షామము మధ్యపరగణాలను దహించుచుండగా, అట్టి క్షామముననే తల్లిదండ్రులను పోగొట్టుకొన్న యామె ఊరకుండలేకపోయెను. తానే పోయి దాదాపు మూడువందలమంది బాలికలను, స్త్రీలను తీసికొనివచ్చెను. పూనాలో ప్లేగు వ్యాపించి యుండుటచే వారికి కేడ్గాం పొలములే శరణమైనవి. బోస్టనులోని సంఘము చేసిన వాగ్దానము పదేండ్లకే. 1898లో ఆ గడువు తీరిపోయెను. నిశ్చితమైన ఆదాయము లేదు. అన్నము పెట్టవలసిన నోళ్లు 1900 నాటికి వేయిని మించినవి. నాగలియు, మగ్గమును, అచ్చుయంత్రమును ఆ స్త్రీల చేతులలో నడిచినవి.

సమర్పణము బానిసత్వమని, పిరికితనమని తలచువారు గలరు. తల్లి నోటబట్టిన పిల్లికూన న్యాయ మెరిగిన మన దేశమున ఈ శంక రాకూడదు. బిషప్పుల యెదుటను, సంస్కర్తల యెదుటను తల వంచని మనిషి దేవునియెదుట వంచెను. ఆ వంచినతలయే దిక్కులేని వందలాది స్త్రీలకు నీడయైనది. రోమీయులకు వ్రాసిన పత్రిక పండ్రెండవ అధ్యాయమున పౌలు చెప్పిన సజీవయాగము ఇట్టిదని మేము తలచుచున్నాము: చంపుకొనుటకాదు, ప్రతిదినము పనికి అప్పగించుకొనుట.

తుదిసంవత్సరములలో ఆమె హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి, పామరులకు తెలియు మరాఠీలో బైబిలును అనువదించుచుండెను. 1921లో ఏకైకపుత్రిక మనోరమ మరణించినను కలము నాపలేదు. పని ముగించి 1922 ఏప్రిలు 5వ తేదీన తనువు చాలించెను.

మతము మారినవారి సంఖ్యను జనాభాలెక్కలు తెలుపగలవు. మనస్సు మారినవారిని లెక్కించు గుమాస్తా లేడు. ఏ మతమువారైనను, తమ దస్తావేజు తేదీని చెప్పుకొనుటకు ముందు, స్వాధీన మెన్నడిచ్చితిమని తమ్ము దాము ప్రశ్నించుకొనుట మేలు.