అద్దె ఇల్లు... ఆచితూచి కొనండి!

అద్దె వస్తుంది, వాయిదా తీరిపోతుంది, ఇల్లు మనదవుతుంది... వినడానికి ఎంతో బాగుండే మాట. కాగితం మీద లెక్క వేస్తే మాత్రం చాలా ఇళ్ల విషయంలో అది నిలవదు. తొలిసారి అద్దెల కోసం ఇల్లు కొనాలనుకునేవారు సంతకం పెట్టేముందు చూసుకోవాల్సిన లెక్కలివి.

హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి హౌసింగ్‌బోర్డు కాలనీలో ఏ వీధిలో నడిచినా గేటుకు వేలాడే టూలెట్ బోర్డు కనిపిస్తుంది. ఒకప్పుడు హౌసింగ్ బోర్డు కట్టి ఇచ్చిన చిన్న ఇళ్ల స్థలాల్లోనే ఇప్పుడు అంతస్తులు లేచాయి. కింద ఇంటివాళ్లు, పైన పోర్షన్లలో అద్దెకున్నవాళ్లు. పింఛను లేని ఎన్నో కుటుంబాలకు ఆ అద్దే పింఛను. అక్కడికి దగ్గర్లోనే హైటెక్‌సిటీ చుట్టూ ఆకాశాన్నంటే టవర్లున్నాయి. వాటిలో అద్దెకివ్వడానికే ఫ్లాటు కొన్న ఉద్యోగులూ ఉన్నారు. ఇద్దరికీ అద్దె వస్తుంది. కానీ ఆ అద్దె ఒకరి ఇంటి ఖర్చులకు అందుతుంటే, మరొకరి దగ్గర అది బ్యాంకుకే చాలడం లేదు. తేడా అంతా అప్పు దగ్గరే ఉంది.

ఒక ఫ్లాటు... అసలు లెక్క

రూ.80 లక్షల ఫ్లాటు తీసుకుందాం. నెలకు అద్దె రూ.25 వేలు అనుకుందాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం, అంటే రూ.6 లక్షలు. మొత్తం పెట్టుబడి రూ.86 లక్షలైంది.

ఏడాదికి అద్దె రూ.3 లక్షలు. ఒకరు ఖాళీ చేసి మరొకరు చేరేలోపు ఒక నెల పోయిందనుకుంటే రూ.25 వేలు తగ్గుతాయి. ఆస్తి పన్ను, రంగులు, ప్లంబింగ్ వంటి వాటికి ఇంకో రూ.25 వేలు. చేతికి మిగిలేది రూ.2.5 లక్షలు. పెట్టుబడి మీద రాబడి మూడు శాతం కూడా లేదు.

ఇప్పుడు అప్పు వైపు చూడండి. 8 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు రూ.60 లక్షలు తీసుకుంటే నెల వాయిదా దాదాపు రూ.50,200. అద్దెలో మిగిలేది నెలకు రూ.20,800. మిగతా రూ.29,400 ప్రతి నెలా జీతంలోంచి వేయాల్సిందే. అయిదేళ్లలో అలా వేసేది రూ.17 లక్షలు దాటుతుంది. అదే అయిదేళ్లలో బ్యాంకుకు మొత్తం రూ.30 లక్షలు కడితే, అసలు కింద తీరేది ఏడున్నర లక్షలే!

‘అయితేనేం, ధర పెరుగుతుందిగా’ అంటారు. పెరగొచ్చు. కానీ అమ్మితేనే ఆ లాభం చేతికొస్తుంది, అందులోంచీ పన్ను కట్టాలి. అద్దె కోసం కొనే ఇంటికి అద్దే కొలబద్ద కావాలి. ధర పెరిగితే అది అదనం అనుకోవాలి.

అప్పు ఎంతవరకు?

రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం రూ.30 లక్షల వరకు ఇంటి రుణమైతే విలువలో 90 శాతం దాకా, రూ.30-75 లక్షల మధ్య 80 శాతం, అంతకు మించితే 75 శాతం వరకు బ్యాంకులు ఇవ్వొచ్చు. అది బ్యాంకులకున్న హద్దు. మన హద్దు వేరు: చేతికి మిగిలే అద్దె ఎంత వాయిదాను మోయగలదు? పై ఉదాహరణలో రూ.20,800 మోయగలిగేది సుమారు రూ.25 లక్షల అప్పునే. అంతకు మించి తీసుకునే ప్రతి లక్షకూ పూచీ మీ జీతానిదే.

వడ్డీ కూడా ఒకచోట నిలవదు. 2022 మే, 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) 4 నుంచి 6.5 శాతానికి ఎగబాకింది. 6.75 శాతం వడ్డీకి రూ.60 లక్షలు తీసుకున్నవారికి వాయిదా సుమారు రూ.45,600 ఉంటే, 9.25 శాతం దగ్గర అదే అప్పుకి దాదాపు రూ.55 వేలవుతుంది. అప్పట్లో చాలా బ్యాంకులు వాయిదా పెంచకుండా గడువు పొడిగించాయి. రిటైరయ్యాకా వాయిదాలు కట్టాల్సిన పరిస్థితి వచ్చేది అలాగే. 2025లో రెపో రేటు తగ్గింది. అది మళ్లీ పెరగదన్న హామీ లేదు.

అందుకే మూడు జాగ్రత్తలు. కనీసం ఆరు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోండి. సొంతంగా పెట్టాల్సిన మొత్తం కోసం పర్సనల్ లోన్ జోలికి వెళ్లొద్దు. బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కొంత కట్టేయండి. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి రుణాన్ని ముందే తీర్చినా వ్యక్తుల నుంచి జరిమానా వసూలు చేయకూడదు.

పన్ను మిగులుతుందా?

అద్దె ఆదాయంలోంచి ఆస్తి పన్ను తీసేశాక 30 శాతం మినహాయింపు ఉంటుంది. ఆపై వడ్డీనీ తగ్గించుకోవచ్చు. పాత పన్ను విధానంలో, వడ్డీ వల్ల వచ్చే నష్టాన్ని ఏడాదికి రూ.2 లక్షల వరకు జీతం ఆదాయంతో సర్దుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వెసులుబాటు లేదు. ‘లోన్ పెట్టుకుంటే ట్యాక్స్ కలిసొస్తుంది’ అన్న పాత సలహాను నమ్మేముందు మీరు ఏ విధానంలో ఉన్నారో చూసుకోండి. విదేశాల్లో ఉంటూ ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చేవారు మరో సంగతి గమనించాలి: వారికి చెల్లించే అద్దెలోంచి అద్దెకున్నవారే పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి.

తొలి అడుగుకు మూడు దారులు

సొంతింటి మీద పోర్షన్: స్థలం కొనక్కర్లేదు కాబట్టి లెక్క పూర్తిగా మారిపోతుంది. రూ.18 లక్షలతో రెండు పడక గదుల పోర్షన్ వేసి, నెలకు రూ.12 వేలకు ఇచ్చారనుకుందాం. ఖాళీలు, మరమ్మతులు పోనూ ఏడాదికి రూ.1.2 లక్షలు మిగిలినా రాబడి ఆరున్నర శాతం దాటుతుంది. రూ.10 లక్షలు అప్పు చేస్తే వాయిదా సుమారు రూ.8,400. అద్దెతోనే తీరిపోతుంది. పునాది, పిల్లర్లు మరో అంతస్తును మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించి, అనుమతి తీసుకున్నాకే పని మొదలుపెట్టాలి.

కట్టి ఉన్న చిన్న ఫ్లాటు: మొదటి నెల నుంచే అద్దె వస్తుంది, జీఎస్టీ ఉండదు. నిర్మాణంలో ఉన్నదైతే సాధారణంగా 5 శాతం జీఎస్టీ కట్టాలి, తాళాలు చేతికొచ్చేదాకా అద్దె లేకుండానే వడ్డీ కట్టాలి. పాత ఫ్లాట్లలో మీ వాటాకు వచ్చే స్థలం ఎన్ని గజాలో, లింకు డాక్యుమెంట్లు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ సరిగ్గా ఉన్నాయో లేదో లాయరుతో చూపించుకోండి. చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలో, బఫర్ జోన్‌లో లేదని నిర్ధారించుకోవడం హైదరాబాద్‌లో ఇక తప్పనిసరి.

రీట్ (రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టు): పెద్ద మొత్తం లేనివారు ఆఫీసు భవనాల అద్దెల్లో వాటా కొనుక్కోవచ్చు. రీట్‌లు స్టాక్ ఎక్స్ఛేంజీలో షేర్లలాగే దొరుకుతాయి. పంచదగిన నగదులో 90 శాతానికి తగ్గకుండా మదుపరులకు ఇవ్వాలన్నది సెబీ నియమం. యూనిట్ ధర పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అయితే అద్దెకున్నవారి కోసం వెతుక్కునే బాధ ఉండదు.

ఏ దారిలో వెళ్లినా ప్రీలాంచ్ ఆఫర్లకూ, ‘గ్యారంటీ అద్దె’ ప్రకటనలకూ దూరంగా ఉండండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ)లో నమోదు కావాల్సిన ప్రాజెక్టు అక్కడ నమోదు కాకుండా మీ దగ్గర డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. రెరా ప్రాజెక్టుల్లో కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టుకే వాడాలి. ప్రీలాంచ్‌లో కట్టిన డబ్బుకు ఆ రక్షణ ఉండదు.

ఇల్లు చూడటానికి వెళ్లేముందు ఆ వీధిలో టూలెట్ బోర్డుల మీదున్న నంబర్లకు ఫోన్ చేయండి. అసలు అద్దె ఎంతో, ఇల్లు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటోందో అడిగి తెలుసుకోండి. ఆ అద్దెలో ఖర్చులు పోను మిగిలేదాంతో వాయిదా తీరితే కొనండి. తీరకపోతే ధర తగ్గించమని అడగండి, లేదా చిన్న ఇల్లు చూడండి, అదీ కాకపోతే ఇంకో రెండేళ్లు పొదుపు చేయండి. ఆగినందువల్ల పోయేది ఒక ఇల్లే. తొందరపడితే ఇరవై ఏళ్ల జీతం ఇరుక్కుంటుంది.