మన రాతే మన తలరాత
సొంత స్క్రిప్టులతో మలుచుకునే టెక్స్ట్ ఎడిటర్లు ఇచ్చే స్వేచ్ఛ గొప్పదే. కానీ అవి మొరాయిస్తే తప్పు వెతుక్కోవాల్సిందీ వాడుకదారే

నిన్న సాయంత్రం వరకు బుద్ధిగా పనిచేసిన ఎడిటర్‌ను ఉదయం తెరవగానే తెరపై ఒక హెచ్చరిక: ఫలానా వేరియబుల్‌కు విలువ లేదు. రంగులు మాయం. ఏళ్లుగా వేళ్లకు అలవాటైన షార్ట్‌కట్లూ మాయం. మధ్యాహ్నానికల్లా పంపాల్సిన ఫైలేమో అలాగే ఉంది. ఫిర్యాదు చేద్దామంటే అమ్మిన కంపెనీ అంటూ ఏదీ లేదు. ఇంతా చేసి నిన్న రాత్రి చేసిన మార్పు ఒక్కటే. సొంత సెట్టింగుల ఫైలు మొదట్లో తేదీ వేసి ఒక కామెంట్ చేర్చడం.

ఈమ్యాక్స్, విమ్ వంటి ప్రోగ్రామబుల్ ఎడిటర్లు వాడేవారికి ఇలాంటి ఉదయం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఎడిటర్‌ను తమకు తగ్గట్టు మార్చుకునే హక్కుతోపాటే మరమ్మతు బాధ్యతా వారి నెత్తిన పడుతుంది.

ఈమ్యాక్స్ పుట్టుకే అలాంటిది. 1976లో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో, టీకో అనే ఎడిటర్‌కు తగిలించిన మాక్రోల మూటగా అది మొదలైంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేసిన గ్నూ ఈమ్యాక్స్‌కు పునాది సీ భాష. దానిపై కట్టిన మేడలో అత్యధిక భాగం లిస్ప్. వాడుకదారు రాసే స్క్రిప్టుకూ ఎడిటర్ సొంత కోడ్‌కూ మధ్య గోడ లేదు. ఎవరి స్క్రిప్టయినా ఎడిటర్‌లోని ఏ ఫంక్షన్‌నైనా మార్చేయగలదు. అదే దాని బలం. ఒకచోట చేసిన మార్పుకు మరోచోట ఏదో కూలడానికీ అదే కారణం.

సగానికి సగం

అనుభవజ్ఞులు ముందు తేల్చుకునేది ఒక్కటే: తప్పు ఎడిటర్‌దా, తమదా? ఈమ్యాక్స్‌ను 'మైనస్ క్యూ' సూచనతో, విమ్‌ను 'క్లీన్' సూచనతో నడిపితే సొంత ఫైళ్లేవీ చదవకుండానే తెరుచుకుంటాయి. అప్పుడు సమస్య కనిపించకపోతే నేరం ఇంటివారిదే. తర్వాత ఫైలులో సగం ఆపేసి చూడటం, తప్పున్న సగాన్ని మళ్లీ సగం చేయడం. ఇలా వెయ్యి వరుసల్లో దోషిని పది ప్రయత్నాల్లో పట్టుకోవచ్చు. చిక్కల్లా, విడివిడిగా సవ్యంగా నడిచే రెండు స్క్రిప్టులు కలిస్తే కొట్టుకున్నప్పుడే. అక్కడ ఈ లెక్క పారదు. ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే బ్యాక్‌ట్రేస్‌ను ఓపిగ్గా చదవాల్సిందే. విమ్‌లోనైతే 'వెర్బోస్' ఆదేశం ఒక షార్ట్‌కట్‌ను చివరిగా మార్చిన ఫైలు పేరు చెప్పేస్తుంది.

కొన్ని తప్పులు మరీ మాయదారివి. స్క్రిప్టును సరిదిద్దినా ఫలితం మారదు. ఎందుకంటే ఈమ్యాక్స్ మామూలుగా పక్కనే ఉన్న పాత కంపైల్ ప్రతినే ఎంచుకుంటుంది. మొదట చెప్పిన హెచ్చరికదీ ఇలాంటి కథే. 2012లో వచ్చిన 24వ వెర్షన్ వేరియబుళ్లకు లెక్సికల్ అనే కొత్త పద్ధతిని తెచ్చింది. పాత స్క్రిప్టులు చెడకుండా, అది కావాలనుకునేవారు ఫైలు మొదటి వరుసలోనే ఆ మాట రాయాలన్నది షరతు. పైన కామెంట్ చేరగానే ఆ వరుస రెండోదైంది. ఫైలు చప్పుడు లేకుండా పాత పద్ధతికి మళ్లింది. తప్పు తగిలిన చోటే చదవడం ఆగిపోయింది కనుక ఆ తర్వాతి రంగులు, షార్ట్‌కట్లు అమలు కాలేదు. ఆ వరుస లేని ఫైళ్లపై 2025లో వచ్చిన 30వ వెర్షన్ కంపైలర్ హెచ్చరిస్తుంది.

పోయేది సమయమొక్కటే కాదు. టెక్స్ట్ ఫైలు లోపలే ఎడిటర్‌కు సూచనలు రాసుకునే 'మోడ్‌లైన్' సదుపాయం విమ్‌లో ఉంది. దానిలోని లోపంతో, ఫైలును తెరిస్తే చాలు, అందులో దాచిన ఆదేశాలు కంప్యూటర్‌పై అమలయ్యే ప్రమాదం 2019లో బయటపడింది. దాన్ని సరిచేశారు గానీ, పరాయి స్క్రిప్టును చదవకుండా ఇంట్లోకి రానిస్తే ముప్పు అలాంటిదే. ఇప్పుడు చాట్‌బాట్‌ను అడిగితే క్షణాల్లో స్క్రిప్టు రాసిస్తుంది. అది చెడినప్పుడు, అర్థం కాని కోడ్‌కు జవాబుదారీ మాత్రం అడిగినవారే.

విసిగిపోయిన ఈమ్యాక్స్ వాడుకదారులు పాత ఫైలంతా పక్కన పడేసి మళ్లీ మొదలుపెడతారు. దీనికి వారు పెట్టుకున్న పేరు దివాలా. తెలివైనవారు అంతదాకా రానివ్వరు. ప్రతి మార్పునూ గిట్ వంటి వ్యవస్థలో భద్రపరుస్తారు. ఒకసారికి ఒక్కటే మారుస్తారు. ఎందుకు మార్చారో పక్కనే రాసుకుంటారు. మొదటి వరుసకు పైన మాత్రం కాదు.