ల్యాప్‌టాప్‌లోని ఖాళీ స్లాటు: పనికివచ్చే అదనపు పరికరాలు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మీ ల్యాప్‌టాప్‌లోని విస్తరణ స్లాటు ఏ రకానిదో గుర్తించగలుగుతారు.
• ఆ స్లాటులో ఏ పరికరం పనిచేస్తుందో, ఎంత వేగం ఇస్తుందో అంచనా వేయగలుగుతారు.
• దాన్ని కొనడం మీకు అవసరమో కాదో నిర్ణయించుకోగలుగుతారు.

1. పరిచయం

దూరవిద్య అభ్యాసకులలో చాలామంది దగ్గర ఉండేది సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్. కార్యాలయాలు కొన్నేళ్ళు వాడి తీసేసిన ఇలాంటి యంత్రాల పక్కభాగంలో తరచు ఒక ఖాళీ స్లాటు కనిపిస్తుంది. అందులో ఏదో ఒక కార్డు పెడితే యంత్రం మెరుగవుతుందని అనిపించడం సహజం. అయితే తప్పు కార్డు కొంటే నష్టం డబ్బుతో ఆగదు. యలమంచిలిలో ఉండే విద్యార్థి ఆ కార్డు మార్చుకోవడానికి మళ్ళీ విశాఖపట్నం వెళ్ళాలంటే ఒక రోజు పని పోతుంది. అందువల్ల కొనే ముందే స్లాటును సరిగా గుర్తించాలి.

2. స్లాటును గుర్తించడం

పక్కనున్న మీటను నొక్కితే స్లాటులోని ప్లాస్టిక్ డమ్మీ కార్డు బయటికి వస్తుంది. స్కేలుతో దాన్ని కొలవండి.

పీసీ కార్డు: డమ్మీ పొడవు వెడల్పులు మీ ఏటీఎం కార్డుతో సమానంగా (85.6 × 54 మి.మీ.) ఉండి, మందం మాత్రం ఎక్కువగా ఉంటే అది పీసీ కార్డు స్లాటు. 1989లో ఏర్పడిన పీసీఎంసీఐఏ అనే సంఘం ఈ ప్రమాణాన్ని రూపొందించింది. 1995లో వచ్చిన దీని 32 బిట్ల రూపం పేరు కార్డ్‌బస్. దీని గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 133 మెగాబైట్లు. ఒకప్పుడు మొబైల్ ఇంటర్నెట్ పరికరాలు ఈ కార్డు రూపంలోనే వచ్చేవి. తరువాత యూఎస్‌బీ రూపంలోకి మారినా వాటిని మనం ‘డేటా కార్డు’ అనే పిలిచాం.

ఎక్స్‌ప్రెస్‌కార్డు: డమ్మీ పొడవు 75 మి.మీ., వెడల్పు 34 మి.మీ. ఉంటే ఇది ఎక్స్‌ప్రెస్‌కార్డు. ఇది 2003లో వచ్చింది. దీనిలోనే 54 మి.మీ. వెడల్పు గల రకం కూడా ఉంది. ఆ కార్డు లోపలి చివర సన్నబడి 34 మి.మీ. అవుతుంది. చిన్న కార్డు పెద్ద స్లాటులో పనిచేస్తుంది, పెద్ద కార్డు చిన్న స్లాటులో పట్టదు. పీసీ కార్డు, ఎక్స్‌ప్రెస్‌కార్డు ఒకదాని స్థానంలో మరొకటి పనిచేయవు.

ఏటీఎం కార్డు అంత పలచని కార్డు మాత్రమే దూరే స్లాటు ఉంటే, అది స్మార్ట్‌కార్డు చదివే పరికరం. దాన్ని విస్తరణ స్లాటుగా భ్రమపడకండి.

3. ఎక్స్‌ప్రెస్‌కార్డుతో ప్రయోజనాలు

ఈ స్లాటులో యూఎస్‌బీ 3.0 పోర్టుల కార్డు, గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు, ఈ-సాటా కార్డు, మెమరీ కార్డు రీడరు వాడుకోవచ్చు. పాత ప్రయోగశాల పరికరాలను కలపవలసిన విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు సీరియల్ పోర్టు కార్డు ఉపయోగపడుతుంది.

యూఎస్‌బీ 3.0 కార్డు విషయంలో రెండు పరిమితులు గమనించాలి. మొదటిది వేగం. యూఎస్‌బీ 3.0 ప్రమాణం సెకనుకు 5 గిగాబిట్లు. తొలితరం ఎక్స్‌ప్రెస్‌కార్డు స్లాటులోని ఒకే ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గం 2.5 గిగాబిట్లు మాత్రమే మోయగలదు. రెండవది విద్యుత్తు. ఈ స్లాటు 3.3, 1.5 వోల్టులు ఇస్తుంది. యూఎస్‌బీకి కావలసిన 5 వోల్టులు నేరుగా ఇవ్వదు. అందుకే ఇలాంటి అనేక కార్డులకు విడిగా విద్యుత్ తీగ కలిపే రంధ్రం ఉంటుంది. ఆ తీగ లేకపోతే బయటి హార్డ్‌డిస్కు తిరగకపోవచ్చు.

ఉదాహరణ: 10 గిగాబైట్ల వీడియో పాఠాలను బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేయాలి. యూఎస్‌బీ 2.0లో సెకనుకు 30 మెగాబైట్లు వస్తాయనుకుంటే పట్టే కాలం 10,000 ÷ 30, అంటే సుమారు 333 సెకన్లు. కొత్త కార్డుతో 100 మెగాబైట్లు వస్తే 100 సెకన్లు. ఆదా సుమారు నాలుగు నిమిషాలు. రోజూ కాపీ చేసేవారికి ఇది లాభమే. నెలకొకసారి చేసేవారు దీనికోసం డబ్బు పెట్టనవసరం లేదు.

4. లోపలి స్లాట్లు

అసలు మార్పు తరచు లోపలి స్లాట్ల వల్లే వస్తుంది. అడుగు మూత తీస్తే ఖాళీ మెమరీ స్లాటు కనబడవచ్చు. అందులో సరైన తరం ర్యామ్ చేర్చవచ్చు. హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే యంత్రం తెరుచుకోవడం మొదలు ప్రతి పనీ వేగవంతమవుతుంది.

కొంత కొత్త యంత్రాలలో ఎమ్.2 స్లాటు ఉంటుంది. 2280 అంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు అని అర్థం. కార్డు అంచున ఉన్న గాటును బట్టి రకాన్ని గుర్తిస్తారు: ‘ఇ’ రకం ఎక్కువగా వైఫైకి, ‘ఎమ్’ రకం ఎస్‌ఎస్‌డీకి. అయితే కార్డు అమరినంత మాత్రాన పనిచేస్తుందని కాదు. సాటా మాత్రమే తెలిసిన స్లాటులో ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ పనిచేయదు. కొన్ని ల్యాప్‌టాప్‌లు తమ తయారీదారు ఆమోదించిన వైఫై కార్డులను మాత్రమే స్వీకరిస్తాయి.

5. కొనే ముందు

• ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ సంఖ్యతో సర్వీస్ మాన్యువల్ వెతికి స్లాటు వివరం చూడండి.
• మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ కార్డు డ్రైవరు దొరుకుతుందో లేదో తెలుసుకోండి.
• మూత తీసే ముందు చార్జరు తీసి, బ్యాటరీని వేరుచేయండి.
• కార్డు వాడనప్పుడు డమ్మీని మళ్ళీ పెట్టండి. మన తీరప్రాంతపు ఉప్పుగాలి, దుమ్ము లోపలి పిన్నులను పాడుచేస్తాయి.

6. సారాంశం

స్లాటు ఖాళీగా ఉన్నంత మాత్రాన నింపనవసరం లేదు. మీ యంత్రంలో రోజూ ఇబ్బంది పెట్టే పని ఏదో ముందు గుర్తించండి. దానికి స్లాటు పరిష్కారమైతేనే కార్డు కొనండి. ఒకటే కొనగలిగే స్థితిలో ఉంటే, చాలా పాత యంత్రాలకు ఎస్‌ఎస్‌డీ గాని ర్యామ్ గాని ముందు వరుసలో నిలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పీసీ కార్డు స్లాటునూ ఎక్స్‌ప్రెస్‌కార్డు స్లాటునూ ఎలా వేరుగా గుర్తిస్తారు?
2. సెకనుకు 30 మెగాబైట్ల వేగంతో 6 గిగాబైట్ల ఫైళ్ళు కాపీ కావడానికి ఎంత సమయం పడుతుంది?
3. ఎక్స్‌ప్రెస్‌కార్డు ద్వారా యూఎస్‌బీ 3.0 పూర్తి వేగం ఎందుకు రాదు?

సమాధాన సూచనలు: 1. భాగం 2 చూడండి. 2. 200 సెకన్లు. 3. భాగం 3 చూడండి.