ఏఐకి పాఠం చెబుదాం!

చదువు చెప్పే ఏఐ పాత్రలు పిల్లల ఫోన్లలోకి వచ్చేశాయి. వాటి వల్ల చదువు మీద ఇష్టం నిలవాలంటే, అవి గురువు కుర్చీ దిగి శిష్యుల వరుసలో కూర్చోవాలి.

పిల్లల్ని చదువు దగ్గరికి పిలిచే పని ఇప్పుడు బొమ్మల చేతికి వెళ్తోంది. భాషలు నేర్పే డ్యుయోలింగోలో పచ్చ గుడ్లగూబ రోజూ పలకరిస్తుంది, పాఠం మానేస్తే అలుగుతుంది. అదే యాప్‌లో లిలీ అనే పాత్ర 2024 నుంచి వీడియో కాల్‌లో మాట్లాడుతోంది. ఖాన్ అకాడమీ 2023లో తెచ్చిన ఖాన్‌మిగోలో పిల్లలు చరిత్రలోని ప్రముఖుల పాత్రలతో ముచ్చటించే వీలు కల్పించారు. ఇక మామూలు చాట్‌బాట్‌ని ‘నువ్వు మా లెక్కల సారువి’ అంటే చాలు, ఆ వేషం కట్టేస్తుంది. పుస్తకం తెరవమంటే మొహం ముడుచుకునే పిల్లలు బొమ్మ పిలిస్తే వస్తున్నారంటే తల్లిదండ్రులకు సంతోషమే. కానీ రావడం వేరు, నేర్చుకోవడం వేరు. ఆ దూరాన్ని బొమ్మ అందం పూడ్చలేదు. బొమ్మ పిల్లలకు ఏ పని అప్పగిస్తుందన్నదే కీలకం. పాఠం చెప్పే పాత్ర కంటే పాఠం చెప్పించుకునే పాత్రతోనే ఆసక్తి నిలకడగా పెరుగుతుందని నమ్మడానికి గట్టి ఆధారాలున్నాయి.

ముఖం చేసే మేలెంత?

యంత్రంతో మనిషి ఎంత త్వరగా మమకారం పెంచుకుంటాడో 1966 నాటికే తెలిసింది. అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రాం రాశాడు. మనం టైప్ చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. అయినా దాంతో మాట్లాడుతున్న ఆయన సెక్రటరీ, కాసేపు గది బయటికి వెళ్లమని ఆయన్నే కోరింది. ఈ మమకారాన్ని చదువుకు వాడుకునే ప్రయత్నాలు 1990ల్లో ఊపందుకున్నాయి. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో జేమ్స్ లెస్టర్ బృందం హెర్మన్ అనే పురుగు పాత్రను తయారుచేసింది. ఒక్కో గ్రహానికి ఒక్కో వాతావరణం. అక్కడ బతికే మొక్కకు ఎలాంటి వేరు, కాండం, ఆకులు ఉండాలో పిల్లలు ఎంచుకోవాలి, హెర్మన్ సలహాలిస్తుంది. తెర మీద ఇలాంటి పాత్ర ఉంటే పాఠం మీద పిల్లలకు మంచి అభిప్రాయం కలుగుతుందని ఆ బృందం 1997లో తేల్చింది. నాలుగేళ్ల తర్వాత రొక్సానా మొరెనో, రిచర్డ్ మేయర్‌లు లెస్టర్ బృందంతో కలిసి ఆ పాఠాన్నే విడదీసి పరీక్షించారు. పురుగు బొమ్మ తీసేసినా విద్యార్థుల అవగాహన తగ్గలేదు. గొంతు తీసేసి అక్షరాలు పెడితే తగ్గింది. మొక్కను స్వయంగా ఎంచుకునే పని తీసేసినా తగ్గింది. చెవిన పడే గొంతు, చేతికి దొరికిన పని, ఈ రెండే ఆ పాఠాన్ని నిలబెట్టాయి.

మెప్పుకు అలవాటు పడితే...

బొమ్మల్లో చాలావరకు మెప్పు మీద నడుస్తాయి. సరైన జవాబుకు నక్షత్రాలు, వరుసగా వచ్చిన రోజులకు స్ట్రీక్, తప్పు చేసినా ‘భలే ప్రయత్నం!’ అనే పలకరింపు. ఈ ఎరలకు ఒక మూల్యం ఉంది. 1973లో మార్క్ లెప్పర్ తదితరులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలను ఎంచుకుని, గీస్తే బహుమతి ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. బహుమతి ముచ్చట తీరాక ఆ పిల్లలకు గీయడం మీద ఉన్న మోజు తగ్గిపోయింది. ఏఐ పాత్రలకు మరో జబ్బు కూడా ఉంది. ఎదుటివాళ్లు ఏమన్నా తల ఊపడం వాటికి సులువు. 2025 ఏప్రిల్‌లో చేసిన ఒక మార్పు తర్వాత చాట్‌జీపీటీ మితిమీరి పొగుడుతోందని, ఆ మార్పును ఓపెన్ఏఐ సంస్థే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కోర్టు కేసులు, విమర్శలు వచ్చాక క్యారెక్టర్ ఏఐ సంస్థ 18 ఏళ్ల లోపువారికి పాత్రలతో స్వేచ్ఛగా సాగే సంభాషణలను 2025 నవంబరులో ఆపేసింది. పిల్లల మనసుకు దగ్గరయ్యే శక్తి ఉన్న వస్తువును ఉత్త ఆకర్షణ కోసం వాడటం ఎంత ప్రమాదమో దీన్ని బట్టే తెలుస్తుంది.

చదువు సంగతికొస్తే, తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు విద్యార్థులతో చేసిన ప్రయోగం అందరూ తెలుసుకోవాల్సినది. మామూలు చాట్‌బాట్ పక్కన పెట్టుకుని లెక్కలు చేసినవాళ్లు, అది లేనివాళ్ల కంటే సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే ట్యూటర్‌ను వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు తప్పింది. అలాగని పరీక్షలో పెద్ద లాభమూ రాలేదు. ఏఐ బాగా చెప్పినంత మాత్రాన పిల్లలకు చదువు రాదు.

బళ్లారి బడి నుంచి బెట్టీ దాకా

మరొకరికి చెబితే తనకు బాగా వస్తుందన్న సంగతి మన వీధిబడులకు కొత్త కాదు. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల మీద నివేదిక రాశాడు. చదువులో ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు చెప్పడం, అలా చెబుతూ తమ చదువునూ గట్టిపరచుకోవడం ఆయన్ని ఎంతో మెప్పించాయి. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, పిల్లలతో పిల్లలకు చెప్పించే ఈ పద్ధతి మీద 1797లోనే లండన్‌లో పుస్తకం వేశాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరే స్థిరపడింది.

దీన్నే కంప్యూటర్‌లోకి తెచ్చింది ‘బెట్టీస్ బ్రెయిన్’. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో గౌతమ్ బిశ్వాస్, స్టాన్‌ఫర్డ్‌లో డేనియల్ ష్వార్ట్జ్ బృందాలు దీనికి రూపమిచ్చాయి. బెట్టీకి మొదట ఏమీ రాదు. నాచు పెరిగితే నీటిలో ఆక్సిజన్ పెరుగుతుంది, చేపలు ఎక్కువైతే తగ్గుతుంది అంటూ పిల్లలు బాణం గుర్తులతో పటం గీసి నేర్పాలి. బెట్టీ ఆ బాణాల వెంటే వెళ్లి జవాబు చెబుతుంది. బాణం తప్పైతే పరీక్షలో బెట్టీ తప్పుతుంది. 2009లో వెలువడిన అధ్యయనంలో, ఎనిమిదో తరగతి పిల్లల్లో కొందరికి ఆ పాత్ర వాళ్లు నేర్పాల్సిన శిష్యురాలని చెప్పారు. మిగతావాళ్లు అదే సాఫ్ట్‌వేర్‌తో తమ కోసమే చదువుకున్నారు. శిష్యురాలి కోసం చదివినవాళ్లు పాఠం మీద ఎక్కువసేపు కూర్చున్నారు, ఎక్కువ నేర్చుకున్నారు. చదువులో వెనకబడిన పిల్లలకు ఆ మేలు మరింత దక్కింది. కారణం ఊహించడం కష్టం కాదు. తప్పినప్పుడు ‘నాకు రాదు’ అని కుంగిపోయే పిల్లలు, శిష్యురాలు తప్పితే ‘దానికి సరిగ్గా చెప్పలేదు, మళ్లీ చూద్దాం’ అనుకుంటారు. సిగ్గు పోయి బాధ్యత వస్తుంది.

నేటి ఏఐతో ఈ పని తెలుగులోనే చేయించవచ్చు. ఆరో తరగతి అమ్మాయికి చిన్ని అనే చెల్లెలి పాత్రను ఇచ్చామనుకుందాం. ‘1/2కి 1/3 కలిపితే 2/5 కదక్కా?’ అని చిన్ని అడుగుతుంది. ‘తప్పు, 5/6’ అని అక్క ఊరుకుంటే చిన్ని వదలకూడదు. ‘పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపాను. తప్పెక్కడుంది?’ అనాలి. అప్పుడు అక్క ఆలోచనలో పడుతుంది. ‘నీ దగ్గర సగం దోసె ఉంది. దానికి ఇంకో ముక్క కలిపితే సగం కంటే ఎక్కువ కావాలి కదా? మరి 2/5 సగం కంటే తక్కువే!’ అనగలిగిందంటే భిన్నాలు ఆ పిల్లకు వంటబట్టినట్టే. గురువు పాత్ర గంటసేపు చెప్పినా రాని పట్టు ఆ ఒక్క జవాబుతో దొరుకుతుంది.

అనుమానాలకు జవాబులు

పుస్తకమే ముట్టనివాళ్లను ముందు కూర్చోబెట్టాలి కదా, దానికి ముద్దొచ్చే బొమ్మ అవసరమే అని కొందరంటారు. నిజమే, మొదలుపెట్టించడానికి అది పనికొస్తుంది. అయితే కొత్త మోజు తీరాక నిలబెట్టేది పనే. పిల్లలు తప్పు చెబితే ఆ తప్పే గట్టిపడదా అన్న భయమూ ఉంది. అందుకే బెట్టీకి పరీక్ష పెట్టారు, పర్యవేక్షించే మాస్టారి పాత్రనూ ఉంచారు. శిష్య పాత్ర వెనక పాఠ్యపుస్తకం, సరైన జవాబు సిద్ధంగా ఉండాలి. 2025లో ప్రచురితమైన హార్వర్డ్ ప్రయోగంలో ఏఐ ట్యూటర్‌తో ఫిజిక్స్ చదివినవాళ్లు తక్కువ సమయంలో ఎక్కువ నేర్చుకున్నారు, ఉత్సాహమూ ఎక్కువేనన్నారు కదా అని అడగవచ్చు. నా వాదనకు అది అడ్డు కాదు. ఆ ట్యూటర్‌ను ఉపాధ్యాయులు జాగ్రత్తగా రూపొందించారు, అడుగడుగునా విద్యార్థితోనే ఆలోచింపజేశారు. అక్కడ పనిచేసింది వేషం కాదు.

ఈఏపీసెట్, జేఈఈల కోసం పొద్దస్తమానం చదివే ఇంటర్ పిల్లలకు ఇంకొకరికి చెప్పే తీరిక ఎక్కడిదన్నది గట్టి ప్రశ్న. ఒకే నోట్సును నాలుగోసారి తిరగేసే అరగంటను ఒక్కసారి వివరించడానికి కేటాయిస్తే, ఏది రాదో అక్కడికక్కడే బయటపడుతుంది. అది సమయాన్ని మిగిల్చే పనే. ఇక తమ్ముడో స్నేహితురాలో ఉండగా యంత్రమెందుకంటే, మనిషి దొరికితే మనిషే మేలు. కానీ ఇంట్లో మొదటిసారి పదో తరగతి దాకా వచ్చిన పిల్లకు, నలుగురిలో నోరు విప్పలేని పిల్లాడికి విసుక్కోని శ్రోత అవసరం. ముందుగా ఏఐకి చెప్పి, ధైర్యం వచ్చాక తరగతిలో చెప్పే దారి వాళ్లకు తెరవాలి.

అందుకే విద్యాశాఖలు, బడులు, తల్లిదండ్రులు యాప్‌లను ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మారాలి. పాత్ర ఎంత ముద్దుగా ఉంది, పిల్లలు ఎంతసేపు వాడుతున్నారు అన్నవి కంపెనీలకు కావాల్సిన లెక్కలు. మాట్లాడేది ఎక్కువ పిల్లలా, పాత్రా? పిల్లలు తప్పు చెబితే పాత్ర సరేనంటుందా, ఎందుకని నిలదీస్తుందా? మనం చూడాల్సినవి ఇవి. వారానికోసారి ఫోన్ పక్కన పెట్టించి ‘ఈ వారం చదివింది నాకు చెప్పు’ అని అడిగితే అసలు ఫలితం తెలుస్తుంది. పిల్లలు చెప్పగలిగితే ఆ పాత్రను ఉంచండి. చెప్పలేకపోతే, అది ఎంత ఇష్టమైన బొమ్మైనా సరే, మార్చండి.